నీడ కూర్చిన దుర్గాబాయి

యుద్ధమున అంగములు కోల్పోయిన సైనికుని జీవితాంతము పోషించుట రాజ్యము బాధ్యత యను భావము ఐరోపాలో పదునేడవ శతాబ్దమున స్థిరపడినది. ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ 1670లో పారిసునందు ఇన్వాలీదు భవనమును, ఇంగ్లండు రాజు రెండవ ఛార్లెసు 1682లో లండనునందు చెల్సీ ఆశ్రమమును ఇందులకే నెలకొల్పిరి. అచ్చటి ముదుసలి సైనికునకు కూడు, గుడ్డ, వైద్యము, పడక భిక్ష కావు. రాజ్యము తీర్చు ఋణము.

కత్తి పట్టినవారి సంగతి సరియే. కత్తి పట్టకయే బ్రదుకు పోరున దెబ్బతిన్నవారి మాట యేమి? చూపులేని బాలునకు, కాళ్లు చచ్చుపడిన పిల్లకు, దిక్కులేని స్త్రీకి నీడ యెవరీయవలెను? స్వతంత్ర భారతమున ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో అగ్రగణ్యురాలు మన గోదావరి యొడ్డున పుట్టిన ఆడుబిడ్డయే. ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్.

రావులపాలెమున గౌతమి వంతెన దాటి జొన్నాడ మీదుగా పోయినచో రాజమహేంద్రవరము ఎంతో దూరము కాదు. ఆ పట్టణమున 1909 జూలై 15న రామారావు, కృష్ణవేణమ్మ దంపతులకు దుర్గాబాయి జన్మించెను. ఎనిమిదవ యేటనే వివాహము జరిగినది. ఊహ తెలిసిన పిమ్మట ఆ బంధమును ఆమె అంగీకరింపలేదు. ఆ దినములలో అది సామాన్యమైన సాహసము కాదు.

బాల్యముననే కాకినాడలో హిందీ నేర్చి, ఆడువారికి బోధించుటకు పాఠశాల నడపెను. 1923లో అచ్చట కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శనశాల ద్వారముకడ ఆమె స్వచ్ఛంద సేవికగా నిలిచినది. టికెట్టు లేనివారిని లోనికి పంపరాదని ఆజ్ఞ. వచ్చినవాడు జవాహర్‌లాల్ నెహ్రూ! టికెట్టు రెండణాలు. ఆ బాలిక ఆయనను సైతము ఆపినది. టికెట్టు కొన్న పిమ్మటనే దారి విడిచినది. ఈ కథను విద్యార్థులు చమత్కారముగా చెప్పుకొందురు. ప్రజల సొమ్ముపట్ల ఆమె నిష్ఠకు అది తొలి నిదర్శనము.

1930లో మద్రాసున ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెరసాల కేగెను. 1933 లోపల మూడుమారులు శిక్ష ననుభవించెను. మధుర కారాగారమున ఏకాంతవాసము ఆమె ఆరోగ్యమును కుంగదీసెను. చట్టము తెలియక శిక్షపాలైన నిరక్షరాస్య స్త్రీలను ఆమె చెరలో కన్నులార చూచినది. ఈ దుఃఖమే ఆమెను చదువువైపు మరలించెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున బి.ఏ., అటుపై 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టము పొందెను. నడుమ 1937లో ఆంధ్ర మహిళాసభకు పునాది వేసినది.

1946లో రాజ్యాంగ సభలోను, 1952లో ప్రణాళికా సంఘములోను సభ్యురాలయ్యెను. 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడెను. ఆ యేటనే కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘము ఏర్పడగా దానికి ప్రథమాధ్యక్షురాలైనది. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సేవాసంస్థల సహాయమునకు కేటాయించిన నాలుగు కోట్ల రూపాయలను పంచు భారము ఈ సంఘముపై పడినది. రెండణాలు విడువని బాలిక చేతికి నాలుగు కోట్లు వచ్చినవి!

ఆమె యాలోచన సులభమే. ప్రభుత్వమునకు ధనము కలదు. కాని అర్ధరాత్రి జ్వరముతో మూలుగు అనాథ నుదుట తడిగుడ్డ వేయు చేయి కార్యాలయమునకు లేదు. ఆ చేయి సేవాసంస్థలకు కలదు. వాటికి ధనము లేదు. కావున ధనము రాజ్యమిచ్చుట, సేవ సంస్థ చేయుట, లెక్క ఇరువురును చూచుట అను పద్ధతిని ఆమె దేశమంతట నెలకొల్పెను. స్త్రీలకు, శిశువులకు, వికలాంగులకు నడచు గృహములు దీనివలన నిలద్రొక్కుకొన్నవి. చదువు మానిన వయోజన స్త్రీలు వసతిగృహమున నుండి రెండేండ్లలో మెట్రిక్యులేషను ముగించు సంక్షిప్త విద్యాక్రమము 1958లో మొదలయ్యెను. అంధుల సహాయ సంఘమునకు అధ్యక్షురాలై, వారికి వసతితో కూడిన పాఠశాలను, పనిశాలను ఏర్పరచెను. చూపులేని బాలునకు అన్నముతోపాటు చేతిపని కూడ ఈయవలెనని ఆమె యెంచినది. మద్రాసున మహిళాసభ నెలకొల్పిన అస్థిచికిత్సా కేంద్రము వికలాంగులైన పిల్లలను అక్కున చేర్చుకొనినది.

1975లో పద్మవిభూషణ బిరుదమునొంది, 1981 మే 9న ఆమె పరమపదించెను. దేశమునకై చెరలో ఆరోగ్యము ధారపోసిన ఆమెయు ఒక సైనికురాలే. రాజ్యము తనకు పడిన ఋణమును లెక్కించుకొనుటకు మారుగా, ఎవ్వరును ఋణపడనట్లు తోచిన వారికి నీడ కూర్చుటయందే ఆమె జీవితము గడపినది.

ఉపాధ్యాయులారా, విద్యార్థులారా! మన యూరిలో శరణాలయమునకు పోయినప్పుడు పండ్లు పంచి వచ్చుటతో తృప్తిపడకుడు. అచ్చటి ముదుసలి తల యెత్తి మాటాడుచున్నాడా, దించుకొని యున్నాడా యని చూడుడు. తల యెత్తినచో అది ఋణము తీర్చు ఇల్లు. దించుకొనినచో భిక్షమిడు ఇల్లు. దుర్గాబాయి కోరినది మొదటిది.