పానగల్ రాజావారు – మునసబుగారి మరణాల చిట్టా

త్యాగరాయనగరంలో కాపురమున్న తెలుగువారిలో పానగల్ పార్కు ఎరుగనివారుండరు. పట్టుచీరలకు వచ్చినవారు, బస్సు కోసం నిలబడినవారు, సాయంకాలం చెట్ల నీడను కూర్చున్నవారు అందరూ ఆ పేరు పలుకుతూనే ఉంటారు. ఆ పేరు గలవారు కాళహస్తి సీమకు చెందిన తెలుగు ప్రభువని చెబితే మాత్రం మన పిల్లలు ఆశ్చర్యపోతున్నారు. అందుచేత ఈ ఉగాది సంచికలో వారి జీవితాన్ని, అందులోనూ ఎక్కువమంది తలచుకోని ఒక భాగాన్ని, పాఠకులకు విన్నవించదలచాము.

పానగంటి రామారాయణింగారు 1866 వ సంవత్సరం జూలై 9 వ తేదీన కాళహస్తిలో వెలమ ప్రభువుల ఇంట జన్మించారు. చదువు చెన్నపట్నంలోనే సాగినది. తిరువల్లిక్కేణి పాఠశాలలో చదివి, ప్రెసిడెన్సీ కళాశాలలో 1893 లో బి.ఏ. పట్టం పుచ్చుకొని, ఆ తరువాత ఎం.ఏ., న్యాయశాస్త్రం కూడా పూర్తి చేశారు. సంస్కృతమన్నా ఆయుర్వేదమన్నా వారికి మక్కువ. జమీందారుల ప్రతినిధిగా ఢిల్లీ శాసనసభకు వెళ్ళడం, జస్టిస్ పార్టీలో చేరడం, ఇవన్నీ చరిత్ర పుస్తకాలలో ఉన్నవే. 1920 డిసెంబరులో స్థానిక స్వపరిపాలన మంత్రి అయినారు. సుబ్బరాయలు రెడ్డియారుగారు అనారోగ్యంచేత తప్పుకోగా 1921 జూలైలో ముఖ్యమంత్రి పదవి స్వీకరించి, 1926 డిసెంబరు దాకా దానిని నిర్వహించారు. పానగల్ రాజా అన్నది ప్రభుత్వం వారికిచ్చిన బిరుదము.

దేవాదాయ చట్టమే వారి కీర్తికి మూలమని అందరూ అంటారు. దానిని గురించి మేము వేరుగా చెప్పనక్కరలేదు. ప్రజారోగ్యం కూడా వారి చేతిలోని శాఖయేనన్న సంగతి మాత్రం మరుగున పడినది.

ఆ రోజుల పద్ధతి చూడండి. పల్లెలో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా మునసబుగారు రిజిస్టరులో వ్రాసేవారు. కలరా, మశూచి, ప్లేగు, జ్వరములు అని గడులుండేవి. ఆ లెక్క తాలూకాకు, అక్కడినుంచి జిల్లాకు, అక్కడినుంచి పట్నానికి ప్రయాణం చేసి చివరకు సంవత్సర నివేదికలో అచ్చయ్యేది. అచ్చయ్యేనాటికి చచ్చినవారి కర్మకాండలే కాదు, సంవత్సరీకాలు కూడా అయిపోయేవి! జిల్లాలో దానిని చదివి వెంటనే కదలవలసిన మనిషి ఎవరు? జిల్లా వైద్యాధికారిగారే, వారికి ఆసుపత్రి పనియే తలకు మించినది. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో దేశం మొత్తం మీద కోటిమందికి పైగా పోయారు. అది వ్రాయడానికి గడి కూడా లేక, ఎక్కడెక్కడి చావులూ జ్వరముల కిందనే జమ అయినవి.

పానగల్ వారి హయాములో, 1922 లో, మదరాసు రాజధానికి ప్రజారోగ్యశాఖ ప్రత్యేకంగా ఏర్పడినది. జిల్లాలకు ఆరోగ్యాధికారులు, వారి కింద హెల్తు ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. ఇదంతా ఉద్యోగాల పెంపకమని ఆనాడు అనుకున్నవారూ ఉండే ఉంటారు. కాని ఊళ్ళో రెండు వాంతిభేది చావులు నమోదైనవంటే చీటీ అందుకొని, ఆ ఊరి బావిలో మందు వేయించి, పక్క ఊళ్ళలో టీకాలు వేయించడానికి ఒక మనిషి అక్కడే ఉండడమన్నది చిన్న విషయం కాదు. మునసబుగారి చిట్టాకు ప్రాణం వచ్చినది అప్పుడే.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అది ద్వంద్వ ప్రభుత్వం. ఆరోగ్యం మంత్రిది, ఖజానా గవర్నరుగారి సభ్యులది. పైగా మెస్టన్ ఏర్పాటు ప్రకారం మదరాసు ఏటా 3 కోట్ల 48 లక్షల రూపాయలు కేంద్రానికి కట్టవలసి వచ్చినది. ఆ ఇరకాటంలో జరిగిన పని ఇది.

శాఖకు డైరెక్టరుగా ఉన్న రసెల్ దొరగారు అంతటితో ఆగలేదు. దశాబ్దాల కలరా మరణాలను వరుసగా పేర్చి గణితం చేసి, సుమారు ఆరేండ్లకొక ఉద్ధృతి కనబడుతున్నదని చెప్పారు. 1925 లో ఆ వ్యాసం అమెరికా విజ్ఞాన పరిషత్తు పత్రికలో వెలువడినది. ఉగాదినాడు మనం వినే పంచాంగంలోనూ రోగభయం ఉంటుంది గాని, ఈ పంచాంగం కరణాలు, మునసబులు వ్రాసిన కాగితాలనుంచి పుట్టినది. ఆ ఏడే నానాజాతి సమితి వారు సింగపూరులో కచేరి పెట్టి, తూర్పు రేవులలోని అంటురోగాల వార్తలను వారంవారం సేకరించి చాటడం మొదలుపెట్టారు.

లెక్కలన్నీ నిక్కమని మేము అనడంలేదు. చావును దాచినవారున్నారు, అమ్మవారిని పేరుపెట్టి చెప్పడానికి భయపడినవారున్నారు, తెలియని జబ్బంతా జ్వరమే. వైద్యుల విషయంలో రాజావారి మొగ్గు కూడా కొందరికి నచ్చలేదు. దేశీయ వైద్యాలపై ఉస్మాన్‌గారి అధ్యక్షతన సంఘం నియమించి (మన ఉస్మాన్ రోడ్డు వీరి పేరనే), దాని తరువాత కీల్పాకులో వైద్య పాఠశాల పెట్టించారు. ఆయుర్వేదమా, ఇంగ్లీషు మందా అన్న రభస పత్రికలకెక్కినది. జిల్లా ఆరోగ్యాధికారి నియామకం ఎవరి కంటా పడలేదు. మా దృష్టిలో రెండవదే ఎక్కువ ప్రాణాలు కాచినది.

1928 డిసెంబరు 16 న రాజావారు పరమపదించారు. అంటురోగాన్ని చూసిన వైద్యుడు అధికారులకు తెలియజేయాలని నిర్బంధించిన మదరాసు ప్రజారోగ్య చట్టం 1939 లో గాని రాలేదు. అటువంటి చట్టం దేశంలో అదే మొదటిది. 2004 లో దేశమంతటికీ రోగ నిఘా పథకం వచ్చినది; మునసబుగారి స్థానంలో కంప్యూటరు కూర్చున్నది.

ఇప్పుడు మన పేటలో ఎవరికైనా డెంగ్యూ అని ఆసుపత్రిలో తేలితే, ఆ చిరునామా కార్పొరేషనుకు చేరుతుంది. ఆ వీధిలోని తొట్లూ పూలకుండీలూ చూడడానికి మనుషులు వస్తారు. తలుపు కొట్టినవారు ఏ చీటీ పట్టుకొని వచ్చారో మన ఇళ్ళలో చాలమందికి తెలియదు. మధ్యాహ్నం నిద్ర చెడగొట్టారని విసుక్కొని గొళ్ళెం తీయని ఇళ్ళు ఆ పార్కు చుట్టూనే ఉన్నవి.