ఎడ్వర్డ్ లారీ

గుండె ఆగిన ప్రాణము పోవుననుట లోకమెరిగిన మాట. కాని నేడు శస్త్రవైద్యులు అవసరమైనచో రోగి శరీరమును 20 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువకు చల్లార్చి, రక్తప్రసారమును కొన్ని నిమిషములు తామే నిలిపి, ఉబ్బిన ధమనిని చక్కదిద్ది, మరల గుండెను కొట్టుకొనునట్లు చేయుచున్నారు. 130 ఏండ్ల క్రిందట ఇది ఊహకైన అందనిది. ఆనాడు చికిత్స నడుమ గుండె ఆగుటయే వైద్యుల పెనుభయము. ఆ భయము నిజమో కాదో తేల్చుటకు హైదరాబాదులో గొప్ప పరిశోధన నడిపినవాడు డాక్టరు ఎడ్వర్డ్ లారీ.

లారీ ఎడింబరోలో సైమ్ అను శస్త్రవైద్యుని శిష్యుడు. 1885లో, మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములు చేరియుండిన నైజాము రాజ్యమునకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, హైదరాబాదు వైద్యపాఠశాలకు అధిపతి యయ్యెను. రోగికి నొప్పి తెలియకుండుటకై ఆ కాలమున క్లోరోఫారము పీల్పించెడివారు. 1847లో అది వాడుకలోనికి వచ్చెను. మరుసటి యేడే ఇంగ్లండులో, కాలిగోరు తీయించుకొనబోయిన 15 ఏండ్ల బాలిక ఆ మత్తులోనే మరణించెను. అట్టి మరణములు మరికొన్ని జరిగెను. క్లోరోఫారము గుండెను హఠాత్తుగా ఆపునని లండను వైద్యులు పలువురు తలచి, రోగి నాడిని పట్టి చూచుచుండిరి. లారీ తన గురువు మార్గమునే నమ్మెను. ముందు ఆగునది శ్వాస, గుండె కాదు. కనుక వైద్యుని కన్ను శ్వాసమీదనే యుండవలెనని ఆయన వాదము.

1888లో కుక్కలపై పరీక్షలు జరిపించి తన వాదమే నిజమని ప్రకటించెను. 'లాన్సెట్' అను లండను వైద్యపత్రిక నమ్మలేదు. అంతట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1000 పౌన్లిచ్చి, తమ పక్షమున ఒకరిని పంపుడని ఆ పత్రికవారిని కోరెను. 1889లో లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చెను. 400కు పైగా మూగజీవులపై పరీక్షలు జరిగెను. ఆ సంఖ్య చదివినపుడు మనసు చివుక్కుమనక మానదు. తుదకు బ్రంటను లారీతో ఏకీభవించెను. హైదరాబాదు పేరు దేశదేశముల వైద్యపత్రికల కెక్కెను.

కాని లారీ గెలుపు పూర్ణము కాదు. మత్తు మితిమీరినపుడు శ్వాసయే ముందాగును. ఆ పరీక్షలు ముఖ్యముగా చూపినది అదియే. మత్తు చాలక ప్రాణి బెదరియున్న వేళ సంగతి వేరు. 1911లో లెవీ అను వైద్యుడు పిల్లులపై పరీక్షించి, తేలికపాటి మత్తులోనే గుండె లయతప్పి వణకి ఆగిపోగలదని చూపెను. లండనువారి భయము కల్ల కాదు. అయినను శ్వాసను కనిపెట్టి యుండుమన్న లారీ మాటను మత్తువైద్యులు విడువలేదు. ఆయన శిష్యురాలు, ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరు అయిన రూపాబాయి ఫుర్దూంజీ, హైదరాబాదు ఆసుపత్రులలో ఏండ్లతరబడి రోగులకు మత్తునిచ్చి, 1909లో పైచదువునకై గురువు చదివిన ఎడింబరోకే పయనమైరి.