రేనాటి వీరుడు: ఉయ్యాలవాడ నరసింహారెడ్డి

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు బాటసారికి తూర్పున నల్లమల కొండలు నీలిమేఘములవలె కానవచ్చుచుండును. పడమట ఎఱ్ఱమల కొండలు కలవు. ఈ రెంటి నడుమ కుందూనది పాఱుచున్నది. దాని కిరుగడల నున్న నల్లరేగడి భూములు జొన్నకును, ప్రత్తికిని, సెనగకును పేరుగన్నవి. ఈ సీమకు పూర్వము రేనాడని పేరు. క్రీ.శ. 6వ శతాబ్దియందే తెలుగున శాసనములు వ్రాయించిన రేనాటి చోళు లేలిన నేల యిది. ఈ నేలయందు పుట్టి, కుంపిణీ ప్రభుత్వము నెదిరించి, ఉరికంబ మెక్కిన వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి.

నరసింహారెడ్డి జన్మస్థానము రూపనగుడి గ్రామము. ఇది నేడు నంద్యాల జిల్లాలోని ఉయ్యాలవాడ మండలమున నున్నది. ఆయన తండ్రి పెదమల్లారెడ్డి. నొస్సము పాలెగాడైన జయరామిరెడ్డి ఆయనకు మాతామహుడు. ఇట్లు తల్లివైపునను తండ్రివైపునను పాలెగాండ్ర వంశములే ఆయనకు చుట్టములు.

పాలెగాండ్రనగా నెవరు? విజయనగర రాజుల కాలమునుండియు ఈ సీమలో కొన్ని గ్రామములపై అధికారము వహించి, దొంగలనుండి ప్రజలను కాపాడుచు, శిస్తు వసూలు చేయుచు, రాజునకు యుద్ధసమయమున బంట్లను పంపుచుండిన నాయకులు. వారిలో ప్రజలను బిడ్డలవలె చూచినవారు కలరు, పీడించినవారును కలరు. 1800 సంవత్సరమున నిజాము ఈ జిల్లాలను ఆంగ్లేయుల తూర్పు ఇండియా కుంపిణీకి ధారాదత్తము చేసెను. నాటినుండి వీనికి దత్తమండలములను పేరు కలిగినది. కుంపిణీవారి పక్షమున సర్ థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి పాలెగాండ్ర ఆయుధములను లాగికొని, కోటల నడచి, లొంగిన వారికి నెలనెలకు భరణము లేర్పఱచెను. రైతు నేరుగ ప్రభుత్వమునకే శిస్తు చెల్లించు రైతువారీ పద్ధతి నెలకొనెను. ఏలిన వంశములవారు ఖజానా గుమాస్తా యెదుట చేయి చాచవలసిన వారైరి.

నరసింహారెడ్డికి వచ్చుచుండిన భరణము నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నాటి లెక్కలో రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు. 35 రూపాయలను మూడు సమభాగములు చేసిన నొక్కొక్క భాగము సరిగా నింతయే యగును. బాలబాలికలు తామే లెక్కవేసి చూచుకొనవచ్చును. తాత యేలిన గ్రామములు తండ్రినాటికి భరణముగా మాఱినవి. తండ్రి భరణము బిడ్డలనాటికి ముక్కలైనది. ఒక వంశము తఱిగిపోయిన తీరంతయు ఈ చిన్న లెక్కలో దాగియున్నది.

కష్టము నరసింహారెడ్డి యొక్కనిది మాత్రమే కాదు. భరణము పొందువాడుగాని, మాన్యము ననుభవించువాడుగాని మరణించినచో, ఆ హక్కు అంతటితో రద్దయినదని కుంపిణీ అధికారులు నిర్ణయించుచుండిరి. గ్రామములను కావలి కాయు కట్టుబడి బంట్ల మాన్యములకును ఇదే గతి పట్టినది. 1846లో గుడ్లదుర్తి, కోయిలకుంట్ల, నొస్సము ప్రాంతములలో ననేకుల భూములు ఈ విధముగ ప్రభుత్వపరమైనవి. తరతరములుగ తిన్న కూడు ఒక్క ఉత్తరువుతో పోవుచున్నప్పుడు బంట్లకు దిక్కు తోచలేదు. వారు నరసింహారెడ్డిని ఆశ్రయించిరి. మాతామహుని హక్కులు పోవుటచే ఆయన మనస్సు అప్పటికే మండుచుండెను. భరణము తెచ్చుటకై పంపిన మనుష్యుని కోయిలకుంట్ల తాసిల్దారు అవమానించి త్రిప్పిపంపెననియు, ఆ మాట వినిన దినముననే రెడ్డి కత్తి పట్టెననియు జానపదులు చెప్పుదురు.

1846 జూలై మాసమున తిరుగుబాటు మొదలైనది. నరసింహారెడ్డి తన బలగముతో కోయిలకుంట్లపై బడి ఖజానాను కొల్లగొట్టెను. ఆయనకు కుడిభుజముగ నిలిచినవాడు వడ్డె ఓబన్న. రాళ్లు కొట్టి, మట్టి త్రవ్వి బ్రదుకు కులమున పుట్టిన ఓబన్న, పాలెగాని ప్రక్కన సమానుడై పోరాడెను. కర్నూలు, హైదరాబాదు ప్రాంతముల భరణపుదారులు కొందఱు రహస్యముగ సాయమొనర్చిరి. పల్లెల రైతులు అన్నము పెట్టి, ఆచూకి దాచి, తోడ్పడిరి. మిట్టపల్లెలో పోలీసులతో పోరు జరిగినది. పిమ్మట రుద్రవరము కొల్లబోయినది.

అప్పుడు కోయిలకుంట్ల ప్రాంతము కడప కలెక్టరు అధికారమునకు లోబడియుండెను. కలెక్టరు కాక్రేను సైన్యమును రప్పించెను. తిరుగుబాటుదారులు 5000 మంది యుండిరని ప్రభుత్వపు నివేదికలు చెప్పుచున్నవి. వారికంటె సంఖ్యలో తక్కువైనను, ప్రభుత్వ సైన్యమునకు తుపాకులును కవాతును ఉండెను. రైతుల చేతులలో కత్తులు, బల్లెములు, వడిసెలలు మాత్రమే యుండెను. పోరున దాదాపు 200 మంది తిరుగుబాటుదారులు నేలకొరగిరి. నరసింహారెడ్డి ముట్టడిని ఛేదించుకొని, గిద్దలూరు ప్రాంతపు కొత్తకోటలో నున్న తన కుటుంబమును వెంటబెట్టుకొని నల్లమల యడవులు సొచ్చెను.

అడవి కొంతకాలము ఆయనను కాపాడినది. కాని ఆయన జాడ తెలిపినవారికి బహుమానమిత్తుమని ప్రభుత్వము చాటింపు వేయించెను. అన్నము పెట్టిన చేతులే పట్టియిచ్చినవని జనులు నేటికిని దుఃఖముతో చెప్పుకొందురు. 1846 అక్టోబరులో కొండలలో చివరి పోరు జరిగినది. అందు 40, 50 మంది మరణించిరి. 90 మంది పట్టువడిరి. వారిలో నరసింహారెడ్డియు నుండెను.

ప్రభుత్వము దాదాపు 1000 మందిపై పట్టు ఉత్తరువులు పుట్టించెను. వారిలో 412 మందిని నేరము మోపకయే విడిచిపెట్టిరి. 273 మంది జామీనుపై బయటపడిరి. 112 మందికి శిక్షలు పడినవి. నరసింహారెడ్డికి మరణదండనము విధింపబడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో 2000 మందికి పైగా జనులు చూచుచుండగా ఆయనను ఉరితీసిరి. అంతటితో పాలకుల కసి తీఱలేదు. ఆయన శిరస్సును కోటగోడపై వ్రేలాడగట్టి, 1877 వఱకు, అనగా ముప్పది సంవత్సరములు, అట్లే యుంచిరి. ఆనాడు తండ్రి భుజముపై నెక్కి ఉరికంబమును చూచిన పసిబాలుడు, తనకు బిడ్డలు పుట్టి పెరిగిన పిదపను ఆ శిరస్సును చూచుచునే యుండెనన్నమాట! జనులను భయపెట్టుటకై చేసిన ఈ పని జనులు ఆయనను మఱవకుండునట్లు చేసినది.

ఈ చరిత్ర మనకు మూడు త్రోవల వచ్చినది. మొదటిది ప్రభుత్వపు కాగితములు. వానియందు తేదీలు, అంకెలు, ఊళ్ల పేర్లు కలవు. కాని వానిని వ్రాసినవారు ఆయనను శిక్షించినవారే. అందుచేత వానిలో నరసింహారెడ్డి దోపిడిగాండ్ర నాయకుడు. రెండవది జానపదుల పాట. రేనాటి పల్లెలలో పాడుకొనుచుండిన ఈ వీరగాథలో ఆయన సాటిలేని శూరుడు. తేదీలు పాటకు పట్టవు. అది జనుల గుండెకోతను చెప్పును. మూడవది చలనచిత్రము. 2019 అక్టోబరు 2వ తేదీన సైరా నరసింహారెడ్డి యను చిత్రము విడుదలయ్యెను. సురేందర్ రెడ్డి దర్శకుడు; చిరంజీవి కథానాయకుడు. హిందీ, తమిళము మొదలగు భాషలలోనికి సైతము అది పోయినది. అంతవఱకు రేనాటి యెల్లలు దాటి అంతగా తెలియని పేరు దాని మూలమున దేశమంతటికి తెలిసినది. ఇది చిన్న మేలు కాదు.

అయినను చిత్రమును చూచి చరిత్ర నంతయు తెలిసికొంటిమని యనుకొనరాదు. అందు 1857 నాటి ఝాన్సీ లక్ష్మీబాయి తన సైనికులకు నరసింహారెడ్డి కథ చెప్పినట్లు చూపిరి. ఇది కథ నల్లినవారి నేర్పు. రెండు తిరుగుబాటులను ఒక్క దారమున గ్రుచ్చుటకు చేసిన కల్పన. చిత్రమున యుద్ధములు మహాభారత యుద్ధములవలె నుండును. నిజమున జరిగినది, ఆకలిగొన్న కట్టుబడి బంట్లును, రైతులును, ఒక సామాన్యపు భరణపుదారుని వెనుక నిలిచి, వాన కాలమంతయు కొండలు పట్టి తిరుగుచు చేసిన పోరాటము. 11 రూపాయల 10 అణాల 8 పైసల లెక్క తెరపై శోభింపదు. శిక్షపడిన 112 మంది ముఖములను రెండుమూడు గంటలలో చూపుట ఎవరి తరము? చిత్రమునకు ఒక్క వీరుడు చాలును. తిరుగుబాటునకు వేలమంది కావలయును.

క్రీడాకారుల జీవితములపై తీసిన చిత్రములకును ఈ గుణమే కలదు. పరుగుల వీరుడు మిల్ఖాసింగుపై 2013లో ఒక చిత్రము వచ్చినది. కాని పందెమునకు గడియారమును, లెక్కపుస్తకమును సాక్షులు. 1960 రోము ఒలింపిక్సులో 400 మీటర్ల పరుగున ఆయన నాలుగవవాడుగ వచ్చెనన్న సత్యమును ఏ చిత్రమును మార్పజాలదు. రేనాటి కొండలలో నట్టి గడియారము లేదు. అందుచే ఇచట మన వివేచనమే గడియారము కావలెను. కాగితమునుండి తేదీని, పాటనుండి ప్రేమను, చిత్రమునుండి ఉత్సాహమును గ్రహించి, మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినవానికి గాని నిజమైన నరసింహారెడ్డి కానరాడు.

అట్లు చూచినచో ఆయన గౌరవము తగ్గునా? తగ్గదు, పెరుగును. అద్భుతశక్తులు గలవాడు పోరాడుటలో వింతయేమున్నది? చేత కొద్దిపాటి భరణము, వెనుక ఆలుబిడ్డలు, ఎదుట ఫిరంగులు గల సైన్యము ఉండియు, తన్ను నమ్మి వచ్చినవారిని విడువక నిలుచుటయే వీరత్వము. స్వార్థముతో మొదలైన కోపమైనను, పదుగురి కష్టముతో కలిసినప్పుడు ధర్మాగ్రహ మగును. 1857 నాటి మహాసంగ్రామమునకు పదేండ్లకు ముందే రేనాటి రైతులు ఈ పాఠమును తమ రక్తముతో వ్రాసిరి.

2021 మార్చిలో కర్నూలునకు చేరువ నోర్వకల్లు విమానాశ్రయమునకు నరసింహారెడ్డి పేరు పెట్టబడెను. ఒకప్పుడు కోటగోడపై వ్రేలాడిన శిరస్సునకు నేడు ఆకాశమార్గమున వచ్చువారు సైతము నమస్కరించుచున్నారు. ఆ నమస్కారములో వడ్డె ఓబన్నకును, పేరు తెలియని వేలమంది బంట్లకును, రైతులకును పాలు కలదని మనము మఱవరాదు.