జాన్ టిండల్ : మంచుకొండల లేఖలు

మూసిన గదిలోనికి కిటికీ సందునుండి ఎండ చొచ్చినపుడు దాని దారిలో అసంఖ్యాకములైన ధూళికణములు తళుకుమనుచు ఆడుట మనమందరము చిన్ననాటినుండి చూచుచున్నదే. ఆ కిరణము ప్రక్కనుండి మన కంటబడుటకు హేతువు దానిని చెదరగొట్టు ధూళియే. ఈ విషయమును ప్రయోగములతో వివరించిన శాస్త్రజ్ఞుని పేరనే విద్యార్థులు దీనిని టిండల్ ఫలితమని నేర్చుకొనుచున్నారు. పేరు పాఠ్యపుస్తకమున నిలిచినదిగాని, ఆ పేరుగల మనుష్యుడు మాత్రము చాలకాలము మరుగుపడియుండెను. ఆయన ఇంచుమించు ప్రతి వేసవియందును ప్రయోగశాలను విడిచి ఆల్ప్సు పర్వతముల కేగుచుండెడివాడనియు, ఆ యాత్రలను గూర్చియు తన పరిశోధనలను గూర్చియు మిత్రులకు వేలకొలది లేఖలు వ్రాసెననియు ఎరిగినవారు తక్కువ. ఆ లేఖలు నిలిచిన కథ ఆయన జీవితమున కొక విషాదాంతము వంటిది.

టిండల్ ఐర్లండులోని లైలిన్‌బ్రిడ్జి అను చిన్న గ్రామమున 1820 ఆగస్టు 2న జన్మించెను. తండ్రి పోలీసు కొలువున నుండిన సామాన్యుడు. ధనము లేదుగాని చదువునందు మిక్కిలి మక్కువ గలవాడు. పందొమ్మిదవ యేట టిండల్ ప్రభుత్వపు భూమికొలతల శాఖలో చేరెను. తరువాత ఆ శాఖవారు ఆయనను ఇంగ్లండునకు పంపిరి. వారమునకు ఒక పౌనైనను రాని ఆ కొలువులో నుండియే ఇంటికి తండ్రిపేర లేఖలు వ్రాయుచుండెను. జీతములు చాలకుండుటను, ఐరిష్ ఉద్యోగుల యెడల జరుగుచున్న అన్యాయమును ఎత్తిచూపుచు తోడివారితో కలిసి విన్నపము చేసినందులకు 1843లో అధికారులు ఆయనను పనినుండి తొలగించిరి. అనంతరము రైలుమార్గముల కొలతపనిలో కొన్ని యేండ్లు గడచినవి. గొలుసు పట్టి నేలను కొలిచిన ఆ చేతులే తరువాత మంచును కొలిచినవి.

రైలుపనుల నాటనే టిండల్‌కు థామస్ హర్‌స్ట్ పరిచితుడయ్యెను. టిండల్‌కంటె పదేండ్లు చిన్నవాడు, గణితమున దిట్ట. ఆ స్నేహము జీవితాంతము సాగినది. 1847లో టిండల్ హాంప్‌షైరులోని క్వీన్‌వుడ్ కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. మరుసటి యేడు తోటి ఉపాధ్యాయుడైన ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లండ్‌తో కలిసి, కూడబెట్టిన సొమ్ము చేతబట్టుకొని, జర్మనీలోని మార్బుర్గు విశ్వవిద్యాలయమున బున్సెన్ పండితుని యొద్ద శిష్యుడుగా చేరెను. అప్పటికి ఆయనకు ఇరువది యెనిమిదేండ్లు. ఆ వయస్సున ఉద్యోగము విడిచి మరల పలక పట్టుట నేటికిని సులభము గాదు. 1850లో డాక్టరు పట్టము పొందెను. 1853లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆచార్యపదవి లభించినది. అచ్చట మైకేల్ ఫారడే ఆయనకు సహచరుడు మాత్రమే గాక పితృతుల్యుడయ్యెను.

ఆల్ప్సు పర్వతములు టిండల్‌ను శాస్త్రముఖముగా ఆకర్షించిన విధము వినదగినది. 1856లో ఆయన పలకరాయి పొరలుపొరలుగా చీలుటకు కారణము గొప్ప యొత్తిడియని ఒక ఉపన్యాసమున నిరూపించెను. అది వినిన మిత్రుడు హక్‌స్లీ, హిమానీనదములలోని మంచునందు కానవచ్చు పొరలకును అదియే కారణము కారాదాయని సూచించెను. ఆ ప్రశ్నయొక్కటే చాలినది. ఆ వేసవినే ఇరువురును స్విట్జర్లండునకు బయలుదేరిరి. మరుసటి యేడు టిండల్, హర్‌స్ట్ కలిసి షామొనీ సమీపమున మంచుసముద్రమని పేరొందిన హిమానీనదముపై థియొడలైటు నిలిపి, ఒక యొడ్డునుండి మరియొక యొడ్డునకు వరుసగా గుంజలు పాతి, అవి దినమునకు ఎన్ని అంగుళములు జరుగుచున్నవో కొలిచిరి. మంచు కదలునని అంతకుముందే తెలిసినది. అయితే నది వంపు తిరిగినచోట మిక్కిలి వేగము నడుమ నుండక, వంపు వెలుపలి యొడ్డువైపునకు ఒరిగియుండునని వీరు కనుగొనిరి. ప్రవహించు నీటి స్వభావమును అంతటి గట్టి మంచు అనుసరించుట చూచి టిండల్ ఆశ్చర్యపడెను. ఎండకాలపు కొలతలు చాలవని తోచి, 1859 డిసెంబరులో, బాటలన్నియు మంచున మునిగియున్న వేళ, కొద్దిమంది మార్గదర్శకులతో మరల అచ్చటికి పోయి గుంజలు పాతెను. చలికాలమున నడక వేసవి వేగమునకు ఇంచుమించు సగమని తేలినది.

కొలుచువాడు క్రమముగా ఎక్కువాడుగా మారెను. 1857లో మాంట్ బ్లాంక్ శిఖరమెక్కునపుడు హక్‌స్లీ అలసిపోయి నడుమ కుటీరముననే నిలిచిపోగా, టిండల్, హర్‌స్ట్ ఒకే మార్గదర్శకునితో ముందునకు సాగిరి. వారు తిరిగి వచ్చువరకు హక్‌స్లీ పడిన ఆందోళన ఇంతంత గాదు. 1858 ఆగస్టులో మాంటె రోజా శిఖరమును టిండల్ ఒంటరిగా ఎక్కెను. తోడు రావలసిన మార్గదర్శకుడు ఇతర యాత్రికుల వెంట పోవలసివచ్చెనట. రొట్టెముక్కయు టీ సీసాయు మాత్రము వెంటబెట్టుకొని తాను బయలుదేరెను. శిఖరముపై చేతిలోని గొడ్డలి జారి మంచుపై దొర్లి, అదృష్టవశమున కొంతదూరమున ఆగెను. అది పోయినచో ఆయన దిగివచ్చుట సంశయమే. దీనిని సాహసమనుటకంటె దుస్సాహసమనుట న్యాయము. మరుసటి యేడు ఫ్రాంక్‌లండ్‌తో మాంట్ బ్లాంక్ కొనపై గుడారము వేసుకొని ఇంచుమించు ఇరువది గంటలు గడపెను. ఆ రాత్రి వారు చేసిన పని క్రొవ్వొత్తులు వెలిగించి చూచుట! పలుచని గాలిలో వెలుగు తగ్గినను, క్రింద షామొనీలో నెంత మైనము కాలునో అచ్చటను అంతయే కాలినది.

ఆ 1859వ సంవత్సరమే ఆయన శాస్త్రజీవితమునకు శిఖరము. మే మాసమున లండను ప్రయోగశాలలో, రెండుకొనల రాతియుప్పు పలకలు బిగించిన ఇత్తడి గొట్టములో వివిధ వాయువులను నింపి, వాని గుండ ఉష్ణకిరణములను పంపెను. ఆమ్లజని, నత్రజని ఉష్ణమును దాదాపు అడ్డగింపవు. నీటియావిరి, బొగ్గుపులుసు వాయువు మాత్రము గాఢముగా పీల్చుకొనును. మన వాతావరణమున నున్న కొద్దిపాటి ఆవిరియే భూమికి రాత్రివేళ కంబళివలె పనిచేయుచున్నదని ఆయన 1861లో వివరించెను. ఆర్ద్రత లేని ఎత్తైన చోట్ల సూర్యుడు క్రుంకగనే చలి ఎముకలు కొరుకుట కారణము ఇదియే. బొగ్గుపులుసు వాయువు ఎండలో ఎక్కువ వేడెక్కునని అమెరికాలో యూనిస్ ఫూట్ అను మహిళ 1856లోనే ప్రకటించియుండెనని నేడు మనకు తెలియును. అయినను భూమినుండి వెలువడు ఉష్ణమును వాయువు పట్టియుంచు తీరును కొలిచిచూపినవాడు టిండల్. నేడు లోకమును కలవరపెట్టుచున్న భూతాపచర్చకు ఆ ఇత్తడి గొట్టమే మొదలు.

1861 ఆగస్టు 19న టిండల్, యోహాన్ బెన్నెన్, ఉల్రిక్ వెంగర్ అను మార్గదర్శకులతో, అంతవరకు మానవపాదము సోకని వైస్‌హార్న్ శిఖరము నెక్కెను. దాని ఎత్తు 4,506 మీటర్లు. బెన్నెన్ గొడ్డలికామను మంచులో గ్రుచ్చి దానికి చేతిరుమాలు కట్టి జెండాగా నిలిపెను. టిండల్ అలవాటుకొలది వివరములు వ్రాసికొనుటకు చిన్న పుస్తకము తెరచి, ఆ వైభవము నెదుట లెక్కలు వ్రాయుట అపచారమని తోచి మూసివేసెను. ప్రతిదానిని కొలుచు మనిషి కొలుచుట మాని నిలిచిన క్షణమది. మూడేండ్లకు, 1864 ఫిబ్రవరిలో, బెన్నెన్ మరియొక పర్వతముపై హిమపాతమున పడి మరణించెను. 1862లో మేటర్‌హార్న్‌పై వారిరువురును కలిసి భుజమువరకు పోయి వెనుదిరిగినచోట నేటికిని టిండల్ పేరే యున్నది. ఆ శిఖరమును టిండల్ 1868లో ఎక్కగలిగెను. అప్పటికి బెన్నెన్ లేడు.

ఆయన స్వభావమున మెత్తదనమెంతయో కయ్యమునకు కాలుదువ్వుటయు నంతయే. హిమానీనదము జిగట ద్రవమువలె పారునని స్కాట్‌లండు పండితుడు జేమ్స్ ఫోర్బ్స్ చెప్పగా, టిండల్ అంగీకరింపలేదు. మంచు చిట్లి, చిట్లినచోట మరల అతుకుకొనుచు సాగునని ఫారడే కనుగొన్న గుణము నాధారముగా వాదించెను. ఈ వివాదము యేండ్లతరబడి సాగి ఇరుపక్షముల మిత్రులను కటువుగా మాటలాడించెను. మంచుస్ఫటికములు ఒత్తిడికి లోబడి నిజముగనే మెల్లగా వంగి పారునని తరువాతివారు తేల్చిరి. కావున ఫోర్బ్స్ వాదమునందే సత్యము పాలెక్కువ. టిండల్ ఉదారుడు కూడ. 1872–73లో అమెరికాలో ఉపన్యసించి సంపాదించిన లాభమంతయు ఆ దేశపు విద్యార్థుల శాస్త్రాభ్యాసమునకే ఇచ్చివేసెను.

1876లో, ఏబదియైదవ యేట, ఆయన లూయిసా హామిల్టన్‌ను వివాహమాడెను. ఆమె ఆయనకంటె ఇరువదియైదేండ్లు చిన్నది. ఆమె ఆయనకు వ్రాయసకత్తె, ప్రయోగములకు సహాయకురాలు, పర్వతయాత్రలలో తోడు. బెలాల్ప్ అను ఎత్తైన చోట మహా హిమానీనదము కనబడునట్లు ఒక ఇల్లు కట్టుకొని వేసవులు గడపిరి. నిద్రలేమి, జీర్ణకోశవ్యాధి టిండల్‌ను చిరకాలము బాధించినవి. నిద్రకు క్లోరల్, కడుపునకు మెగ్నీషియా — రెండు సీసాలు ప్రక్కప్రక్కన నుండెడివి. 1893 డిసెంబరు 4వ తేదీ ఉదయమున లూయిసా మెగ్నీషియా యనుకొని క్లోరల్ పోసి ఇచ్చెను. త్రాగిన వెంటనే ఆయన రుచిచే గుర్తించెను. వైద్యులు వచ్చి ఎంత ప్రయత్నించినను ఆ దినముననే కన్నుమూసెను. ఇది పొరపాటువలన కలిగిన మరణమని విచారణలో తేల్చిరి. ఆమె మాత్రము తన్ను తాను క్షమించుకొన్నట్లు లేదు.

భర్త చరిత్రను తానే వ్రాయవలెనని ఆమె సంకల్పించెను. ఆయన వ్రాసిన లేఖలను మిత్రులనుండియు వారి వారసులనుండియు అడిగి తెప్పించుకొని, నకళ్లు తీయించి, దినచర్య పుస్తకములతో సరిచూచుచు కూర్చుండెను. ఒక్క లేఖయైనను వదలరాదు, ఒక్క తేదీయైనను తప్పరాదు. అట్లు నలువది యేడేండ్లు గడచినవి. 1911లో బెలాల్ప్ పైన నల్లరాతి స్మారకమును నిలుపగలిగెనుగాని గ్రంథము మాత్రము ముగియలేదు. ఇతరులెవరును ఆయన చరిత్ర వ్రాయుటకు వీలు లేకుండెను. హక్‌స్లీ, డార్విన్‌ల జీవితచరిత్రలు వెలువడి లోకము చదివినది. టిండల్‌ను ఎరిగినవారు ఒక్కొక్కరుగా తరలిపోయిరి. ఏ ప్రేమ ఆ లేఖలను కాపాడెనో ఆ ప్రేమయే ఆయనను లోకమునకు దూరము చేసెను. ఆమె 1940లో మరణించెను. ఆ తరువాత అయిదేండ్లకు, ఈవ్, క్రీసీ యను ఇద్దరు రచయితల చేతులమీదుగా, ఆయన మొదటి సమగ్ర జీవితచరిత్ర వెలువడినది. వేలకొలదిగనున్న ఆ లేఖలు 2015 మొదలు సంపుటములుగా అచ్చగుచున్నవి. మొదటి సంపుటములో, భూమికొలతల కొలువున నుండి ఆ యువకుడు తండ్రికి వ్రాసిన లేఖలున్నవి.