జివెర్నీ కొలను

ఢిల్లీ నుంచి ప్రతి వారం రాజకీయాలే రాయాలన్న నిబంధన ఏదీ లేదు గనుక ఈసారి ఒక కొలనును గురించి రాస్తున్నాను. అది ఫ్రాన్సు దేశంలో, పారిస్‌కు వాయవ్యాన, జివెర్నీ అనే చిన్న పల్లెలో ఉంది. దానిని నిర్మింపజేసినవాడు చిత్రకారుడు క్లోద్ మొనే.

1840లో పారిస్‌లో పుట్టిన మొనే లె హావ్ర్ రేవుపట్టణంలో పెరిగాడు. ఆరుబయట నిలబడి చిత్రించడం అక్కడే యూజెన్ బూదాఁ వద్ద నేర్చుకున్నాడు. 1874లో ఆయనా, మిత్రులూ సొంతంగా ఏర్పాటు చేసిన ప్రదర్శనలో ఆయన సూర్యోదయ చిత్రాన్ని చూసి ఒక విమర్శకుడు ఎగతాళిగా తగిలించిన పేరే ఇంప్రెషనిజం. దారిద్ర్యం ఆయనను చాలాకాలం వెన్నాడింది. 1879లో భార్య కామీ మరణించినప్పుడు ఆమె నిర్జీవ వదనాన్ని సైతం చిత్రించాడు. దానిని నిర్దయగా భావించేవారు ఉండవచ్చు. చూపు తప్ప మరో ఆసరా లేని మనిషి చేసిన పనిగానే నాకు తోస్తుంది.

1883లో జివెర్నీలో అద్దెకు దిగిన ఇంటిని 1890లో కొన్నాడు. 1893లో రైలు పట్టాల అవతల నేల కొని, ఎప్త్ నది పాయ నుంచి నీరు మళ్లించడానికి అనుమతి కోరాడు. పరాయి దేశపు మొక్కల వలన నీరు విషతుల్యమవుతుందని దిగువ రైతులు అభ్యంతరం చెప్పారు. నదీజలాల తగాదాలు ఎరిగిన తెలుగువారికి ఇందులో వింత ఏమీ కనబడదు. ఎట్టకేలకు అనుమతి లభించింది. కొలనులో కలువలు వెలిశాయి, జపాన్ తరహా వంతెన అమరింది. ఒక తోటమాలి పడవలో తిరుగుతూ ఆకుల మీది దుమ్ము కడిగేవాడు. ఆ కలువలను మొనే దాదాపు 250 చిత్రాలలో చిత్రించాడు. రానురాను వాటిలో ఒడ్డు మాయమై, నీరూ, అందులో ప్రతిఫలించే ఆకాశమూ మాత్రమే మిగిలాయి.

1911లో రెండవ భార్య ఆలిస్, 1914లో పెద్దకొడుకు మరణించారు. 1912లోనే కళ్లలో శుక్లాలు బయటపడ్డాయి. అవి ముదిరినకొద్దీ నీలం ఆయనకు అందకుండా పోయింది. అప్పటి వంతెన చిత్రాలు ఎరుపు, గోధుమ వర్ణాలతో మండుతున్నట్లుంటాయి. రంగుల గొట్టాల మీది పేర్లు చదువుకుని పనిచేశాడు. శస్త్రచికిత్సకు మాత్రం జంకాడు. ప్రపంచయుద్ధంలో ఫిరంగుల మోత వినబడుతున్నా ఊరు విడువక భారీ పటాలపై పనిచేశాడు. 1918లో యుద్ధవిరమణ జరిగిన మరునాడే, వాటిలో రెండింటిని జాతికి కానుకగా ఇస్తానని తన మిత్రుడు, ప్రధాని క్లెమెన్సోకు లేఖ రాశాడు. ఆ కానుకే తరువాత 22 పటాలకు పెరిగింది.

క్లెమెన్సో చదువు రీత్యా వైద్యుడు. 1920-21లో మన దేశంలోనూ పర్యటించాడు. ఆయన పోరు పడలేకనే మొనే 1923లో కుడికంటికి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఆ తరువాత లోకమంతా మితిమీరిన నీలంగా కనబడితే రంగు కళ్లద్దాలు ధరించాడు, పాత పటాలను మళ్లీ దిద్దాడు, నచ్చనివాటిని నాశనం చేశాడు. కానుక ఇస్తానన్న పటాలను బతికి ఉండగా చేయి దాటనివ్వలేదు.

1926 డిసెంబరు 5న, 86వ ఏట ఆయన మరణించాడు. మరుసటి ఏడు మే నెలలో పారిస్‌లోని ఒరాంజెరీలో, రెండు అండాకారపు గదులలో ఆ పటాలను ప్రజల దర్శనార్థం ఉంచారు. తొలి రోజులలో వాటిని పట్టించుకున్నవారు తక్కువే. జివెర్నీ కొలను కూడా ఏళ్ల తరబడి పాడుబడి ఉండి, పునరుద్ధరణ అనంతరం 1980లో సందర్శకులకు తెరుచుకుంది.