డెబ్బై దాటాక కట్టిన వంతెన

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని మన కార్యదర్శిగారు కోరగానే నాకు థామస్ టెల్ఫర్డ్ గుర్తుకు వచ్చారు. ముప్పై ఏళ్లకు పైగా కాలువల మీద పనిచేసిన నాకు ఆయన పేరు కొత్త కాదు. ఆయన కట్టిన పెద్ద కట్టడాలు చాలా ఉన్నాయి గాని, నాకు ఎక్కువ ఇష్టమైనది ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్‌లో కాలువ మీద ఉన్న గాల్టన్ రోడ్డు వంతెన. ఎందుకో చివరకు మీకే తెలుస్తుంది.

టెల్ఫర్డ్ 1757లో దక్షిణ స్కాట్లండులో ఒక గొర్రెల కాపరి ఇంట పుట్టారు. ఏడాది నిండకుండానే తండ్రి పోయారు. తల్లి నానా కష్టాలు పడి పెంచింది. ఊరి బడిలో నేర్చిన చదువే చదువు. ఆ పైన రాతిపని మేస్త్రీ దగ్గర చేరి ఉలి, సుత్తి పట్టారు. 1782లో లండన్ చేరి సోమర్సెట్ హౌస్ నిర్మాణంలో రాళ్లు చెక్కారు. రాత్రిళ్లు పుస్తకాలు చదువుకొంటూ పైకి వచ్చి, మరి అయిదేళ్లకు ష్రాప్‌షైర్ జిల్లాలో ప్రభుత్వ పనుల సర్వేయర్ అయ్యారు.

అక్కడ జరిగిన ఒక సంగతి మన ఉద్యోగులందరూ తెలుసుకోదగ్గది. 1788లో ష్రూస్‌బరీలో ఒక పాత చర్చి కప్పు కారుతోందని ఆయనను పిలిచారు. కప్పు సంగతి తరువాత, ముందు గోడలూ స్తంభాలూ కూలేలా ఉన్నాయని ఆయన చెప్పారు. పెద్దలు లక్ష్యపెట్టలేదు. కొద్ది రోజులకే చర్చి కూలింది. మనలో ఎంతమంది ఇటువంటి నోటు వ్రాసి, అది ఫైలులోనే ఉండిపోగా చూడలేదు? ఆయన మాత్రం విసుగు చెందక తన పని తాను చేసుకుపోయారు.

తరువాత ఎల్స్‌మియర్ కాలువ పని వచ్చింది. వేల్స్‌లో పాంట్‌కసల్టె లోయ మీదుగా 126 అడుగుల ఎత్తున ఇనుప తొట్టిలో కాలువను దాటించారు. 1805లో పూర్తయిన ఆ అక్విడక్టు మీద నేటికీ పడవలు నడుస్తున్నాయి. స్కాట్లండు కొండ ప్రాంతాల్లో వందల మైళ్ల రోడ్లు వేయించారు. 1826లో మెనాయ్ జలసంధి మీద 579 అడుగుల స్పానుతో గొలుసుల వంతెన వేలాడదీశారు. కాలేజీ ముఖం చూడని ఈ మేస్త్రీని 1820లో లండన్ సివిల్ ఇంజనీర్ల సంస్థ తన మొట్టమొదటి అధ్యక్షుణ్ణి చేసుకొంది.

ఇక బర్మింగ్‌హామ్ సంగతి. అక్కడి పాత కాలువ బ్రిండ్లీ అనే ఇంజనీరు 1770 ప్రాంతంలో త్రవ్వించినది. వంకరటింకరగా పోయి, స్మెథిక్ గుట్ట దగ్గర లాకుల మీదుగా ఎక్కి దిగేది. బొగ్గు పడవలు పెరిగేసరికి లాకుల దగ్గర బారులు తీరి నిలిచిపోయేవి. లాకుల దగ్గర పనిచేసిన వారికి ఆ అవస్థ వేరే చెప్పనక్కరలేదు. 1824లో కంపెనీవారు టెల్ఫర్డ్‌ను పిలిచారు. అప్పటికి ఆయన వయస్సు 67. మనం పెన్షను కాగితాలు దాచుకొని కూర్చొనే వయస్సు!

ఆయన గుట్టను ఎక్కలేదు, కోసేశారు. సుమారు 70 అడుగుల లోతున నేలను త్రవ్వి, లాకులు లేకుండా సమతలంగా కొత్త కాలువను తిన్నగా నడిపించారు. పడవలు లాగే గుర్రాలకు ఇరుప్రక్కలా బాట వేయించారు. మొత్తం మార్గంలో దాదాపు ఏడు మైళ్లు కలిసివచ్చాయి.

అయితే గుట్ట మీది రోడ్డు తెగిపోయింది. దాన్ని కలపాలి. అడుగున స్తంభాలు నిలిపితే పడవలకు అడ్డం. అందుచేత 1829లో ఒకే ఆర్చితో, 150 అడుగుల స్పానుతో, పోత ఇనుప వంతెన కట్టించారు. ఇనుప భాగాలను దగ్గరలోని హార్స్‌లీ కార్ఖానాలో పోతపోశారు. ఆరు కమానులు, ఒక్కొక్కటీ ముక్కలుగా తెచ్చి బోల్టులతో బిగించినది. కాలువ కంపెనీలో పెట్టుబడి పెట్టిన గాల్టన్ అనే స్థానిక ప్రముఖుని పేరు దానికి పెట్టారు. అప్పటికి టెల్ఫర్డ్‌కు డెబ్బై దాటాయి, చెవుడు కూడా మొదలయింది.

విధి విచిత్రం చూడండి. అదే 1829లో రెయిన్‌హిల్‌లో స్టీఫెన్‌సన్‌ల రాకెట్ ఇంజను పందెం గెలిచింది. మరుసటి ఏడు లివర్‌పూల్, మాంచెస్టర్‌ల మధ్య రైలు నడిచింది. రానున్నది రైళ్ల కాలమేనని తేలిపోయింది. పెళ్లి చేసుకోని టెల్ఫర్డ్ 1834 సెప్టెంబరు 2న లండన్‌లో కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు. స్వగ్రామ ప్రాంతంలోని గ్రంథాలయాలకు ఆయన వ్రాసి ఇచ్చిన సొమ్ము తరతరాలకు ఉపయోగపడింది.

మరి వంతెన? గుర్రపు బండ్ల కోసం కట్టినది లారీల కాలం వరకు బరువు మోసింది. 140 ఏళ్లకు పైగా సర్వీసు చేశాక, 1970 దశకంలో ప్రక్కన కొత్త రోడ్డు వేసి దానికి వాహనాల నుండి విశ్రాంతినిచ్చారు. కొత్త రోడ్డుకు టెల్ఫర్డ్ పేరే పెట్టారు. పాత వంతెనను మాత్రం పడగొట్టలేదు. జాతీయ ప్రాముఖ్యం గల కట్టడంగా కాపాడుకొంటున్నారు. నేటికీ దాని మీద మనుషులు నడుస్తున్నారు, సైకిళ్లు పోతున్నాయి.

బరువులు దిగిపోయినంత మాత్రాన వంతెన వంతెన కాకుండా పోదు. మన సభ్యులకు నేను మనవి చేసుకొనేది ఇంతే. మన మీదుగా లారీలు పోకపోవచ్చు. మనుమలూ, ఇరుగుపొరుగు పిల్లలూ దాటడానికి మన అనుభవం ఇంకా పనికివస్తుంది.