గర్భస్రావ చట్టానికి ముందు నడిచిన రాజమండ్రి మనిషి

ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఒక మహిళ ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చి, ఈ గర్భం మోయలేనని డాక్టరుకు చెప్పుకుంటే ఇవాళ ఎవరూ ఆమెను నేరస్తురాలిగా చూడరు. 1972కు ముందు అలా కాదు. 1860 నాటి శిక్షాస్మృతి ప్రకారం తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప గర్భం తీసినవారూ, తీయించుకున్న తల్లీ ఇద్దరూ శిక్షార్హులే. ఆ పరిస్థితి మారాలని గట్టిగా వాదించినవారిలో ఒకరు మన తెలుగువారే. పేరు శ్రీపతి చంద్రశేఖర్.

ఆయన 1918లో రాజమండ్రిలో పుట్టారు. మద్రాసులో చదువుకుని, అమెరికా వెళ్లి, 1944లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. ఆయన వైద్యుడు కాదు, జనాభా శాస్త్రవేత్త. కుటుంబం చిన్నదైతేనే పేదరికం తగ్గుతుందని జీవితమంతా చెప్పారు. 1964లో రాజ్యసభకు వెళ్లారు. 1967లో ఇందిరాగాంధీ మంత్రివర్గంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ చేపట్టారు. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి. ఎర్ర త్రికోణం, నిరోధ్ ప్రచారం వారికి గుర్తుంటాయి. అవి ఆయన హయాంలో జోరుగా సాగినవే.

దొంగచాటు గర్భస్రావాలతో తల్లులు చనిపోతున్నారని, చట్టాన్ని సడలించాలని శాంతిలాల్ షా కమిటీ 1966లోనే నివేదిక ఇచ్చింది. 1969లో బిల్లు రాజ్యసభకు వచ్చింది. పిండమూ ప్రాణమే, దాన్ని తీసే హక్కు ఎవరికీ లేదన్నది ఒక వాదన. నిషేధించినంత మాత్రాన గర్భస్రావాలు ఆగవు, నాటుమందుల చేతిలో తల్లి పోతే ఇంట్లో ఉన్న పిల్లలు దిక్కులేనివారవుతారన్నది మరో వాదన. చంద్రశేఖర్ రెండో వైపు నిలిచారు. 1970లో ఆయన మంత్రి పదవి ముగిసింది. చట్టం 1971లో ఆమోదం పొంది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఈ విషయం మీదే ఆయన 1974లో ఒక పుస్తకం కూడా ప్రచురించారు.

అయితే ఆయన జీవితంలో మరో పక్కను కూడా చూడాలి. ముగ్గురు పిల్లలున్న తండ్రులకు నిర్బంధంగా ఆపరేషన్ చేయాలని 1967లో ప్రతిపాదించిందీ ఆయనే. అది చట్టం కాలేదు. ఎమర్జెన్సీలో బలవంతపు ఆపరేషన్లు జనాన్ని ఎంత భయపెట్టాయో తర్వాత దేశమంతా చూసింది. బిడ్డ వద్దనుకునే స్వేచ్ఛ కోసం వాదించిన మనిషే, బిడ్డ కావాలనుకునే స్వేచ్ఛకు అడ్డుగోడ కట్టబోయారు. దేశం లెక్కల్లో పడి, ఎదుట ఉన్న మనిషి ఇష్టాన్ని పక్కన పెట్టారు. 2001లో ఆయన అమెరికాలో కన్నుమూశారు.

ఆ పొరపాటు మన ఇళ్లలోనూ జరుగుతోంది. మన పక్కన సుగ్గికి గుంటూరు మిరపచేలకు వెళ్లిన కుటుంబాల్లో నెల తప్పిన సంగతి ఆలస్యంగా బయటపడుతుంది. ఉంచాలా, తీయించాలా అని అత్త, మామ, భర్త మాట్లాడుకుంటారు. కడుపుతో ఉన్న ఆమెను అడిగేవారు తక్కువ. బాగా చదువుకున్న ఇళ్లలోనూ ఇంతే.

చట్టం ఏం చెబుతుందో తెలుసుకోండి. 18 ఏళ్లు నిండిన మహిళకు తన సమ్మతి ఒక్కటే చాలు, భర్త సంతకం అక్కర్లేదు. 2021 సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లోనే, ఇద్దరు డాక్టర్లు అంగీకరిస్తే చేస్తారు. పిండానికి విలువ లేదని కాదు, ఉంది కాబట్టే వారాలు గడిచేకొద్దీ షరతులు పెరుగుతాయి. ఆమె వివరాలు గోప్యంగా ఉంచాల్సిందే. ఆడపిల్లేమోనని పరీక్ష చేయించడం నేరం. మెడికల్ షాపులో మాత్రలు కొని ఇంట్లో మింగించకండి. గర్భం ట్యూబులో ఉంటే అవి పనిచేయవు, ట్యూబు పగిలి ప్రాణం మీదికొస్తుంది.

మీ ఇంట్లో ఇలాంటి రోజు వస్తే ముందు ఆమెను అడగండి. వద్దంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. కావాలంటే ఆ మాటా వినండి. ఆమె ఇష్టం లేకుండా గర్భం తీయించడం ఇప్పటికీ నేరమే.